ఎఫ్‌పీఓ గోదాములో ఆర్డరు ప్రకారం సరుకు తీసి ఇచ్చే పద్ధతులు – రైతులు, సిబ్బంది తెలుసుకోవాల్సిన విషయాలు

తొలకరి వాన పడిందంటే రైతులందరికీ ఒకేసారి పని మొదలవుతుంది. విత్తనం, యూరియా, డీఏపీ, కలుపు మందు అన్నీ ఆ వారం పది రోజుల్లోనే కావాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, అంటే ఎఫ్‌పీఓలు, సభ్యుల దగ్గర ముందుగా ఇండెంటు తీసుకుని సరుకు తెప్పించి గోదాములో పెడుతున్నాయి. ఇంతవరకు బాగానే ఉంటుంది. చిక్కు వచ్చేది ఆ సరుకును ఎవరి ఆర్డరు ప్రకారం వారికి తీసి ఇచ్చేటప్పుడే.

కొనుగోలు ధర, రవాణా ఖర్చు గురించి సంఘం సమావేశాల్లో గంటల తరబడి చర్చ జరుగుతుంది. సరుకు తీసే పద్ధతి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. "గోదాములో కుర్రాడు చూసుకుంటాడు" అనుకుంటారు. కానీ ఒక బాటిల్ బదులు ఇంకో బాటిల్, ఒక విత్తన రకం బదులు ఇంకో రకం చేతిలో పెడితే పోయేది బాటిల్ ఖరీదు కాదు, రైతు సీజను. అందుకే ఈ పనికి కూడా ఒక పద్ధతి ఉండాలి. గోదాము చిన్నదైనా, పనిచేసేవారు ఇద్దరే అయినా పాటించగలిగే పద్ధతులను ఇక్కడ వివరిస్తున్నాం.

సమయం ఎక్కడ పోతుంది? పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

ఆర్డరు ప్రకారం సరుకు తీయడంలో నాలుగు పనులు ఉంటాయి. సరుకు ఉన్న చోటికి నడవడం, అక్కడ వెతకడం, తీసి లెక్కపెట్టడం, తెచ్చి అప్పగించడం. వీటిలో ఎక్కువ సమయం తినేవి నడక, వెతుకులాట. చేతితో తీసే పని నిజానికి కొద్దిసేపే.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది వెతికేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు. ఒకే రంగు సంచులు పక్కపక్కనే ఉండటం, పేర్లు దగ్గరగా ఉండటం, ఆర్డరును కాగితం మీద కాక నోటి మాటగా చెప్పడం దీనికి ముఖ్య కారణాలు. నడక తగ్గించే పద్ధతులు కొన్ని ఉన్నాయి, పొరపాటు తగ్గించే పద్ధతులు కొన్ని ఉన్నాయి. రెండూ ఒకటి కావు. ఏ సరుకుకు ఏది వాడాలో తెలుసుకోవడమే అసలు విషయం.

ముందుగా గోదాము సర్దుకోవాలి

1. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు మూడింటికీ వేర్వేరు చోట్లు ఉండాలి. పురుగుమందులను తాళం వేసే ప్రత్యేక గదిలో, పొడిగా, గాలి వెలుతురు వచ్చేలా ఉంచాలి. ధాన్యం, పశువుల దాణా, తినే వస్తువులు ఆ గదిలో పెట్టకూడదు.

2. బస్తాల దొంతరలను నేల మీద నేరుగా వేయకుండా చెక్క పలకల మీద వేయాలి. గోడకు ఆనించకూడదు. మనిషి తిరిగి లెక్కపెట్టడానికి వీలుగా ఖాళీ వదలాలి. యూరియా తేమను త్వరగా పీలుస్తుంది, గోడకు ఆనితే గడ్డకడుతుంది.

3. ప్రతి చోటుకూ ఒక నంబరు ఇవ్వాలి. ఉదాహరణకు ఎ–2–3 అంటే ఎ గది, 2వ వరుస, 3వ అర. సుద్దముక్కతో రాస్తే చెరిగిపోతుంది కాబట్టి పెయింటుతో రాయాలి. కొత్తగా వచ్చిన కుర్రాడు కూడా ఎవరినీ అడగకుండా ఆ చోటికి వెళ్లగలగాలి.

4. ఎక్కువగా అమ్ముడయ్యే సరుకు తలుపు దగ్గర ఉండాలి. ఖరీఫ్ మొదట్లో విత్తనం, డీఏపీ ముందుంటే, పైపాటు వేసే సమయానికి యూరియా ముందుకు రావాలి. సీజన్‌తో పాటు సరుకు చోటు మారాలి.

5. పేర్లు, ప్యాకింగు దగ్గరగా ఉన్న సరుకులను పక్కపక్కన పెట్టకూడదు. దీని గురించి కింద వివరంగా ఉంది.

సరుకు తీసే నాలుగు పద్ధతులు

1. ఒక్కో ఆర్డరు విడిగా తీయడం

ఒక రైతు స్లిప్పు తీసుకుని, అందులో ఉన్నవన్నీ తీసి, అప్పగించి, ఆ తర్వాతే రెండో స్లిప్పు పట్టుకోవడం. నడక ఎక్కువవుతుంది. కానీ ఒకరి సరుకు మరొకరికి వెళ్లే అవకాశం చాలా తక్కువ. పురుగుమందులు, కలుపు మందులు, శిలీంధ్రనాశనులకు ఎప్పుడూ ఈ పద్ధతే వాడాలి. ఎంత రద్దీ ఉన్నా దీన్ని మార్చకూడదు.

2. కలిపి తీసి పంచడం

ఒక ఊరి ఆర్డర్లన్నీ కూడి, ఒక్కో సరుకు మొత్తం ఎంతో చూసి, ఒకేసారి తీసి, తర్వాత ఎవరివి వారికి పంచడం. యూరియా, డీఏపీ, పొటాష్ లాంటి బరువైన బస్తాలకు ఇది అనువైన పద్ధతి. నడక, ఎత్తుడు, దించుడు బాగా తగ్గుతాయి. అయితే పంచేటప్పుడు తప్పు జరిగే వీలుంది కాబట్టి, పంపకం అయ్యాక ఒక్క బస్తా కూడా మిగలకూడదు, తక్కువ కాకూడదు. ఒకటి మిగిలిందంటే ఎవరికో ఒకటి తక్కువ ఇచ్చారని అర్థం. అప్పటికప్పుడే చూసుకోవాలి.

ఒక ముఖ్య విషయం. ఎరువుల అమ్మకం పీఓఎస్ యంత్రంలో ఏ రైతు పేరున ఆ రైతుకే నమోదు కావాలి. కలిపి తీయడం బస్తాలకే గానీ బిల్లులకు కాదు.

3. విభాగాలవారీగా తీయడం

ఎరువుల దగ్గర ఒకరు, విత్తనాల దగ్గర ఒకరు, మందుల గదిలో ఒకరు నిలబడి ఎవరి విభాగంలోని సరుకు వారే తీయడం. స్లిప్పు ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. ముగ్గురు మనుషులున్న గోదాముకు సరిపోతుంది. మందుల గదిలో లేబుల్ చదవగలిగిన, పంట మందుల గురించి తెలిసిన మనిషే ఉండాలి. ఆ మనిషి భోజనానికి వెళ్తే గదికి తాళం వేయాలి తప్ప బయట ఉన్నవారిని లోపలికి పంపకూడదు.

4. వేళలవారీగా తీయడం

రోజును భాగాలు చేసి, ఉదయం ఒక ఊరికి, మధ్యాహ్నం ఇంకో ఊరికి, సాయంత్రం మరో ఊరికి అని ముందే చెప్పి ఆ వేళకు ఆ ఊరి సరుకు మాత్రమే తీయడం. ట్రాక్టరు లేదా ఆటో వచ్చే సమయాన్ని బట్టి వేళలు పెట్టుకోవాలి. రైతులు ఎండలో వరుసలో నిలబడాల్సిన పని తప్పుతుంది. ముందురోజు సాయంత్రమే సభ్యుల వాట్సాప్ గ్రూపులో వేళలు పెడితే సరిపోతుంది. ఫోను లేనివారికి ఆ ఊరి డైరెక్టరు కబురు చేయాలి.

చిన్న గోదాములో ఈ నాలుగింటిలో ఒక్కటే పట్టుకుని కూర్చోనవసరం లేదు. ఊరి ప్రకారం వేళలు పెట్టుకుని, ఎరువులు కలిపి తీసి, మందులు విడివిడిగా ఇవ్వడమే ఎక్కువ సంఘాలకు కుదిరే పద్ధతి.

ఒక ఉదాహరణ

ఒక ఊరి నుంచి 24 మంది వరి రైతుల ఆర్డర్లు వచ్చాయనుకుందాం. ఒక్కొక్కరికి యూరియా 2 బస్తాలు, డీఏపీ 1 బస్తా, విత్తనం 1 బస్తా కావాలి. విత్తనంలో 16 మందికి ఎం.టి.యు. 1010, 8 మందికి ఎం.టి.యు. 1061. కలుపు మందు 20 మందికి ఒక్కో బాటిల్. ఎరువుల షెడ్డు కౌంటరుకు 40 మీటర్ల దూరంలో ఉంది. తోపుడు ట్రాలీలో 4 బస్తాలు పడతాయి.

ఒక్కో ఆర్డరు విడిగా తీస్తే ప్రతి రైతుకూ 3 ఎరువు బస్తాలు కౌంటరుకు తేవాలి. రానూపోనూ 80 మీటర్లు. 24 మందికి 1,920 మీటర్లు, అంటే దాదాపు 2 కిలోమీటర్లు ట్రాలీ తోయాలి. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. మొత్తం 72 బస్తాలను ట్రాలీలోకి ఒకసారి, అక్కడి నుంచి ట్రాక్టరులోకి ఇంకోసారి ఎత్తాలి. హమాలీల నడుములు విరుగుతాయి, మధ్యాహ్నానికి లెక్క తప్పుతుంది.

అదే ట్రాక్టరును నేరుగా షెడ్డు తలుపు దగ్గరకు తెచ్చి, యూరియా 48, డీఏపీ 24 అని ఒకే స్లిప్పు రాసి ఎక్కిస్తే, ప్రతి బస్తానూ ఒక్కసారి ఎత్తితే చాలు. ఊళ్లో దించేటప్పుడు జాబితా ప్రకారం పేరు పిలిచి ఇచ్చి, సంతకం తీసుకోవాలి.

విత్తనం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 16, 8 అని లెక్క సరిపోయినా తప్పు జరిగి ఉండవచ్చు. 1010 అడిగిన వ్యక్తికి 1061, 1061 అడిగిన వ్యక్తికి 1010 ఇస్తే మొత్తం లెక్కలో తేడా రాదు. మొదటిది సుమారు 120 రోజుల పంట, రెండోది సుమారు 150 రోజుల పంట. నీటి విడుదల, కోత, తర్వాతి పంట అన్నీ తారుమారవుతాయి. అందుకే రెండు రకాలూ ఒకేసారి బయటకు తేకూడదు. ముందు 1010 తెచ్చి 16 మందికీ ఇచ్చి, చోటు ఖాళీ అయ్యాక 1061 తేవాలి.

కలుపు మందు బీరువా కౌంటరు పక్కనే ఉంటుంది కాబట్టి, 20 బాటిళ్లు కలిపి తీసినా మిగిలే నడక ఏమీ ఉండదు. ఒక్కో స్లిప్పు చూసి ఒక్కో బాటిల్ ఇవ్వాలి. చివర్లో బీరువాలో సరిగ్గా 20 తగ్గాయో లేదో చూడాలి.

స్లిప్పు లేకుండా సరుకు కదలకూడదు

ఎంత తెలిసిన రైతు అయినా, సంఘం డైరెక్టరే వచ్చినా, స్లిప్పు లేకుండా గోదాము నుంచి సరుకు బయటకు రాకూడదు. స్లిప్పులో ఇవి ఉండాలి:

• స్లిప్పు నంబరు, తేదీ, రైతు పేరు, ఊరు
• సరుకు పూర్తి పేరు. మందు అయితే కంపెనీ పేరుతో పాటు అందులోని మందు పేరు, శాతం
• సరుకు ఉన్న చోటు నంబరు
• లాటు లేదా బ్యాచ్ నంబరు, గడువు తేదీ
• ఎన్ని బస్తాలు, ఎన్ని ప్యాకెట్లు, ఎన్ని బాటిళ్లు
• తీసినవారి టిక్కు, సరిచూసినవారి టిక్కు, రైతు సంతకం

సరుకుల పేర్లను నడిచే దారి వరుసలో రాయాలి. తలుపు దగ్గర ఉన్నది మొదట, లోపల ఉన్నది తర్వాత. ఇలా రాస్తే వెనక్కీ ముందుకూ తిరగాల్సిన పని ఉండదు. లాటు నంబరు రాయడం చాదస్తం కాదు. రేపు ఏదైనా లాటులో మొలక సరిగా రాకపోతే, ఆ లాటు ఎవరెవరికి వెళ్లిందో గంటలో తెలిసిపోతుంది. రైతుకు పరిహారం అడిగేందుకు ఆధారం కూడా అదే.

ముందు ఏది తీయాలి?

ముందు వచ్చింది ముందు తీయాలనే మాట ఎరువులకు సరిపోతుంది. విత్తనాలకు, మందులకు అది చాలదు. వాటిలో గడువు ముందు ముగిసేది ముందు తీయాలి.

ఉదాహరణకు ఒక మందు మే నెలలో వచ్చింది, గడువు వచ్చే ఏడాది ఫిబ్రవరి వరకు ఉంది. అదే మందు జూన్‌లో ఇంకో బ్యాచ్ వచ్చింది, దాని గడువు ఈ నవంబరుతోనే ముగుస్తుంది. ముందు ఇవ్వాల్సింది జూన్‌లో వచ్చిన బ్యాచ్. అయితే రైతు వాడే సమయానికి గడువు మిగిలి ఉండాలి. డిసెంబరులో రబీ పంటకు కొట్టే మందు అడిగిన రైతుకు నవంబరు గడువు ఉన్నది ఇవ్వకూడదు.

విత్తన సంచి ట్యాగు మీద పరీక్ష తేదీ, చెల్లుబాటు తేదీ చూడాలి. సాధారణంగా పరీక్ష జరిగిన తేదీ నుంచి 9 నెలలు చెల్లుబాటు ఉంటుంది. ధ్రువీకరించిన విత్తనానికి నీలి రంగు ట్యాగు, ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనానికి ఆకుపచ్చ ట్యాగు ఉంటాయి.

గడువు తీరిన మందులను మంచి సరుకుతో కలిపి ఉంచకూడదు. వెంటనే వేరు చేసి, గడువు తీరింది, అమ్మకానికి కాదు అని స్పష్టంగా రాసి విడిగా పెట్టాలి. నెలకు ఒకసారి, 1వ తేదీన, అరలన్నీ చూసి రాబోయే మూడు నెలల్లో గడువు ముగిసేవాటికి ఎర్ర చీటీ అంటించడం మంచి అలవాటు.

పేర్లు దగ్గర, పనులు దూరం

ఇమిడాక్లోప్రిడ్ రసం పీల్చే పురుగుల మందు. ఇమజితాపిర్ కలుపు మందు. హెక్సాకొనజోల్ తెగుళ్ల మందు. హెక్సిథయాజాక్స్ నల్లి మందు. హడావుడిలో మొదటి రెండు అక్షరాలు చూసి తీస్తే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. పురుగు మందు అనుకుని కలుపు మందు కొడితే చేను కళ్లముందే మాడిపోతుంది. పత్తి పైరుకు 2,4–డి కలుపు మందు గాలికి తగిలినా ఆకులు ముడుచుకుని వికృతంగా మారతాయి.

బాటిల్ మీద ఉండే రంగు త్రికోణం చూసి మందును గుర్తుపట్టే అలవాటు కొందరిలో ఉంది. ఇది సరికాదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు విష తీవ్రతను మాత్రమే తెలుపుతాయి. ఎరుపు అత్యంత విషపూరితం, ఆకుపచ్చ వాటన్నిటిలో తక్కువ. అది పురుగు మందా, కలుపు మందా అన్నది ఆ రంగు చెప్పదు. పేరు చదవాల్సిందే.

• కలుపు మందులకు ప్రత్యేక బీరువా కేటాయించి, తలుపు మీద పెద్ద అక్షరాలతో 'కలుపు మందులు' అని రాయాలి.
• తీసేటప్పుడు పేరు, శాతం, బ్యాచ్ నంబరు పైకి చదవాలి. పక్కనున్నవారు స్లిప్పులో చూసి సరే అనాలి.
• కారుతున్న బాటిల్‌ను చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. మందు తీసిన చేతులతో బీడీ కాల్చడం, టీ తాగడం చేయకూడదు. సబ్బుతో కడుక్కోవాలి.
• ఒకే సంచిలో మందు బాటిల్, విత్తనం కలిపి ఇవ్వకూడదు.

తీసినవారు ఒకరు, సరిచూసేవారు ఇంకొకరు

తాను తీసిన సరుకును తానే సరిచూసుకుంటే తప్పు కనబడదు. మనసులో ఏముందో కళ్లకు అదే కనిపిస్తుంది. గోదాములో ఇద్దరే ఉంటే, తీసినవారు కాక బిల్లు రాసేవారు సరిచూడాలి. ఒక్కరే ఉంటే రైతునే రెండో మనిషిగా చేసుకుని, స్లిప్పు చేతికిచ్చి చదివించాలి. చదవడం రాని రైతు అయితే వెంట వచ్చినవారితో చదివించాలి. సాయంత్రం తలుపు వేసే ముందు ఆ రోజు ఎక్కువగా కదిలిన ఐదారు సరుకులను లెక్కపెట్టి పుస్తకంతో పోల్చాలి. తేడా వస్తే అదే రోజు స్లిప్పులు తిరగేయాలి. నెలాఖరు దాకా ఆగితే ఎవరికి ఏం వెళ్లిందో ఎవరికీ గుర్తుండదు.

సరుకు తీసుకునేటప్పుడు రైతు చూసుకోవాల్సినవి

1. మీరు అడిగిన పేరు, సంచి మీద లేదా బాటిల్ మీద ఉన్న పేరు ఒకటేనా?
2. గడువు తేదీ మీరు వాడే రోజుకు మిగిలి ఉందా?
3. సీలు, కుట్టు, మూత సరిగా ఉన్నాయా? సంచి తడిసిందా?
4. బిల్లులో రాసిన లాటు నంబరు, సంచి మీది నంబరు కలిశాయా?
5. లెక్క సరిపోయిందా?

బిల్లు తప్పకుండా తీసుకోవాలి. విత్తనానికి, ఎరువుకు, మందుకు బిల్లు ఇవ్వడం అమ్మేవారి చట్టబద్ధమైన బాధ్యత. సంఘం మనదే కదా అని బిల్లు వదిలేయవద్దు.

ఇంటికి వెళ్లాక తేడా కనిపిస్తే సీలు తీయకుండా వెంటనే తిరిగి ఇవ్వాలి. సంఘం కూడా రైతును తప్పుపట్టకుండా మార్చి ఇవ్వాలి, ఎక్కడ తప్పు జరిగిందో పుస్తకంలో రాసుకోవాలి. అప్పటికే విత్తినా, పిచికారీ చేసినా, ఖాళీ సంచి, ట్యాగు, బాటిల్, బిల్లు పారేయకుండా దాచి మండల వ్యవసాయ అధికారికి తెలియజేయాలి. పొలం మీద ఇంకో మందు కొట్టే ముందు సలహా తీసుకోవాలి.

ఖర్చు ఎంత?

వీటిలో ఎక్కువ వాటికి డబ్బు అవసరం లేదు. ఒక పెయింటు డబ్బా, స్లిప్పు పుస్తకాలు, చేతి తొడుగులు, ఒక తోపుడు ట్రాలీ ఉంటే చాలు. కంప్యూటర్ ఉంటే మంచిదే, కానీ చోటు నంబర్లు, స్లిప్పు అలవాటు లేని గోదాములో కంప్యూటర్ పెట్టినా తప్పులు తగ్గవు.

వచ్చే సంఘం సమావేశంలో ఈ మూడింటిని తీర్మానంగా పెట్టండి: స్లిప్పు లేకుండా సరుకు కదలదు, మందులు ఒక్కో ఆర్డరు విడిగానే ఇస్తారు, తీసినవారు కాక వేరేవారు సరిచూస్తారు. సీజను రద్దీ మొదలయ్యే ముందే, గోదాము ఖాళీగా ఉన్నప్పుడే ఈ పని చేసుకోవాలి. మరిన్ని వివరాలకు మీ మండల వ్యవసాయ అధికారిని లేదా సమీప కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవచ్చు.